రాయికి వేసిన కడియం

ఉప్పల్,
బుధవారం సాయంత్రం

గీతిక వాళ్ల నాన్నగారికి,

ఆ కాగితం మీద నేను రాసింది మూడు వందలా, ఆరు వందలా?

పన్నెండేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. పప్పు తాలింపు వేస్తున్నప్పుడు, రింగ్ రోడ్డు దగ్గర కాలేజీ బస్సు కోసం నిలబడ్డప్పుడు, గీతికకి జడ వేస్తున్నప్పుడు చెప్పకుండా వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. మిమ్మల్ని ఒక్కసారీ సూటిగా అడగలేదు. జవాబు కాగితం మీద ఉంది, కింద సంతకం నాది, ఇంక అడగడానికేముంది అనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. గెస్ట్ హౌస్ మెట్ల మీదికొస్తే సిగ్నల్ వస్తుందని మీరు చెప్పారు కాబట్టి ఫోనే చేయొచ్చు. కానీ ఫోన్‌లో మీ గొంతు వింటే మీరేం చెప్పినా నమ్మేస్తాను. ఆ అలవాటు నాకుంది. అందుకే రాస్తున్నాను. రేపు నాచారం ఆఫీసు నుంచి గనికి వెళ్లే డ్రాయింగుల గొట్టంలో పెట్టమని డిస్పాచ్ ఉపేందర్‌కి ఈ కవరు ఇస్తాను.

మీరు బయల్దేరేముందు డైనింగ్ టేబుల్ మీద ఒక ఫైలు పెట్టి, "రెండో లైనుది. పాత లెక్కే, ఊరికే ఓసారి చూడు నీరూ, నీ కన్ను పడితే నాకు ధైర్యం" అన్నారు. నాకెంత సంతోషమేసిందో మీకు తెలియదు. పన్నెండేళ్ల తర్వాత ఒక కన్వేయరు బెల్టు లెక్క నా చేతికిచ్చారు. రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు, బట్టల షాపు నుంచి తెచ్చిన కొత్త చీరని మడత విప్పకుండా దాచుకున్నట్టు. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ తెరిచాను. మొదటి పేజీలోనే ఉంది: వచ్చే ముడి ఖనిజంలో అతి పెద్ద రాయి, మూడు వందల మిల్లీమీటర్లు.

మళ్లీ అదే గని, అదే అంకె.

నేను కాలేజీలో ఏటా చెప్పే పాఠం ఇదే. షూట్ అనే ఇనుప జారుడులోంచి ఖనిజం బెల్టు మీద పడే చోటే కన్వేయరుకి అసలు దెబ్బ. గంటకి వెయ్యి టన్నుల చూర్ణం పడ్డా బెల్టు ఓర్చుకుంటుంది. ఒక్క బండరాయి పడితే ఓర్చుకోదు. అందుకని అడగాల్సింది ఎన్ని టన్నులని కాదు. అన్నిటికన్నా పెద్ద రాయి ఎంత ఉంది, ఎంత ఎత్తు నుంచి పడుతుంది అని. రాయి కొలత రెట్టింపైతే బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. బోర్డు మీద ఉదాహరణకి మూడు వందలు, ఆరు వందలు అని రాస్తాను. ఏటా ఆ రెండు అంకెలే. ఒకసారి వెనక బెంచీ నుంచి ఎవరో, "మేడమ్ దగ్గర వేరే రాళ్లు లేవురా" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మనిద్దరం పనిచేసిన రోజుల్లో త్రిమూర్తులు గారి పద్ధతి గుర్తుందిగా? డిజైన్ సెక్షన్‌కి ఆయన పెద్ద. గని వాళ్లు పంపిన కాగితాల్ని ఆయన నమ్మేవారు కాదు. "కాగితం మీద ప్రతి రాయీ ముద్దొస్తుందమ్మా. వెళ్లి కడియం వేయించుకురా" అనేవారు. గనికి వెళ్లి, గుట్టలో అన్నిటికన్నా పెద్ద రాయిని వెతికి, దాని నడుం చుట్టూ ఇనుప కడ్డీ వంచి, ఆ కడియాన్ని రేకు చీటీతో సహా తెచ్చి నాచారం షెడ్డు గోడకి తగిలించాలి. లెక్క కట్టే ముందు ఆ కడియం ముందు నిలబడాలి. ఈ గనికి నేనూ ఫిట్టర్ కొమురెల్లీ వెళ్లాం. నాకప్పుడు ఐదో నెల. ఎండలో గుట్ట చుట్టూ తిరిగి తిరిగి, "గీ బండ జూడున్రి మేడమ్, ఎనుబోతు పండుకున్నట్టున్నది" అన్నాడు కొమురెల్లి. దాన్ని లోడరుకి వేలాడదీసి తూచాం. కడియం వేశాడు. ఇంత వరకూ నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ కడియం కొలత ఎంతన్నదే గుర్తులేదు. ఆరు వందలని నా మనసు అంటుంది. మూడు వందలని కాగితం అంటుంది.

తర్వాతది మీకూ తెలుసు. ఎనిమిదో నెలలో పురిటికి సామర్లకోట వెళ్లాను. గీతిక పుట్టింది. తిరిగి ఉద్యోగంలో చేరేసరికి ఆ డ్రాయింగులు గనికి వెళ్లిపోయాయి, నాకు వేరే పని ఇచ్చారు. ఏడాది దాటాక, వానాకాలంలో, ఒక బండ పడి బెల్టు కింది రోలర్ల ఫ్రేము విరిగింది. కింద నిలబడి రోలర్లు చూస్తున్న కొమురెల్లి మీద పడింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆఫీసు విచారణలో నా ముందు ఆ షీటు పెట్టారు. మూడు వందలు, దాని కింద నా సంతకం. నేను లేచి నిలబడి "నాదే పొరపాటు" అన్నాను. ఇంటికొచ్చాక నాకు ఆరు వందలు గుర్తుందని మీతో ఏడుస్తూ చెప్పాను. మీరు నా తల నిమిరి, "కడుపుతో ఉన్నప్పుడు అలాగే మర్చిపోతారు నీరూ. ఆ రోజుల్లో పాలు పొయ్యి మీద పెట్టి ఎన్నిసార్లు మాడ్చలేదు? అందరికీ జరుగుతుంది. నేనున్నానుగా" అన్నారు. నెలలోగా రాజీనామా చేశాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం, ఫైలు మూసేసి, ఏటా బతుకమ్మ ముందు వెళ్లినట్టే చీర పట్టుకుని కొమురెల్లి వాళ్లింటికి వెళ్లాను. పీర్జాదిగూడలో వాళ్లు కొత్త అపార్టుమెంటుకి మారారు. లిఫ్టు ఇంకా బిగించలేదు, సెల్లార్లో వాచ్‌మన్ గది. బయట నీలం నీళ్ల డ్రమ్ము. దాని అడుగున చుట్టూ ఒక ఇనుప కడియం.

"ఏం జూస్తున్నరు మేడమ్?" అంది రాములమ్మ. "గదా? డ్రమ్ము ఒరుగుతుండె, కుదురు లెక్క పెట్టిన. మా ఆయన కాలుకు కడియం తొడుగుదామంటె కాలే లేకపాయె, డ్రమ్ముకన్న ఉండనీ అనుకున్న."

ఆవిడ జోకులు అలాగే ఉంటాయి. కొమురెల్లి పకపకా నవ్వాడు. నేను కింద కూర్చుని కడియం ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా జాన వేశాను. నా జాన పంతొమ్మిది సెంటీమీటర్లు, మీకు తెలుసుగా, స్కేలు మర్చిపోయిన రోజున దాంతోనే కొలిచేదాన్ని. మూడు జానలు, పైన రెండు వేళ్లు. రేకు చీటీ తుప్పు పట్టింది కానీ పంచ్‌తో కొట్టిన అంకెలు చేతికి తగిలాయి. ఆరు వందలు. నాలుగు వందల ముప్పై కిలోలు. గని పేరు. నా పొడి అక్షరాలు.

"గది మీదే గద మేడమ్," అన్నాడు కొమురెల్లి. "షెడ్డు రేకులు మార్చినప్పుడు కడియాలన్ని తుక్కు బండి ఎక్కించిన్రు. నేనప్పుడు ఆఫీసు గేటుకాడ డ్యూటీల ఉన్న. గిదొక్కటి తీసి పెట్టుకున్న. నా కాలు తీస్కపోయింది గిసొంటి రాయే గద."

"మరి నేను మూడు వందలని ఎందుకు రాశాను కొమురెల్లీ?"

అతను రాములమ్మ వైపు చూశాడు. ఆవిడ చీర అంచు చూస్తూ కూర్చుంది. "నాకేం ఎరుక మేడమ్? సార్‌ను అడుగున్రి" అన్నాడు.

అడుగుతున్నాను. నాలుగు వందల ముప్పై కిలోల రాయిని కళ్లతో చూసి, తూచి, ఇంటికొచ్చి యాభై కిలోల రాయికి లెక్క కట్టే మనిషినా నేను? ఏదో కారణం ఉండే ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో మీకు తెలిసి ఉంటుంది. చెప్పండి. మీరు చెబితే నా భయం పోతుంది.

మీ
నీరజ

*

ఉప్పల్,
శనివారం

జగన్ గారికి,

మీ జవాబు కోసం ఆగలేకపోయాను. ఈ రోజు మెట్రో ఎక్కి నాగోల్ వెళ్లాను. ఒక్క స్టేషనే. పన్నెండేళ్లలో ఆ ఒక్క స్టేషను దాటి త్రిమూర్తులు గారిని చూడటానికి నాకు మొహం చెల్లలేదు. ఆయన నేర్పిన పనిలో ఆయన పరువు తీశానని.

బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. కమలకుమారి గారు నన్ను చూసి, "లోపలికి రామ్మా, అక్కడ నిలబడితే మూసీ దోమలు ఎత్తుకుపోతాయి" అని కాఫీ కలపడానికి వెళ్లారు. నేను కుశలప్రశ్నలు కూడా వేయలేదు. కడియం సంగతి చెప్పాను. ఆయన చెంబు కింద పెట్టారు.

"ఆరు వందలే కదమ్మా. నువ్వు కట్టిన మొదటి లెక్క నేనే చూశాను. బ్రహ్మాండంగా కట్టావు."

"మరి షీటులో మూడు వందలు ఉంది కదండీ?"

"అది మూడో రివిజను. జగన్మోహన్ నింపాడు. నువ్వు పురిటికి వెళ్తూ ఖాళీ షీట్ల మీద సంతకాలు పెట్టి వెళ్లావుగా, దాని మీద." నా మొహం చూసి ఆగారు. "అదేంటమ్మా, నీకు తెలీదా? విచారణలో నువ్వు లేచి నాదే పొరపాటంటే, మొగుడి ఉద్యోగం కాపాడుతోంది మహాతల్లి అనుకున్నాను. నేను నోరెత్తితే మీ సంసారంలో వేలు పెట్టినట్టవుతుందని ఊరుకున్నాను. మొగుడూ పెళ్లాలు, మీలో మీరు మాట్లాడుకునే ఉంటారు అనుకున్నానమ్మా."

మనలో మనం మాట్లాడుకోలేదండీ అని చెప్పడానికి సిగ్గేసింది. కాఫీ చల్లారిపోయింది. కమలకుమారి గారు మళ్లీ వేడి చేసి తెచ్చారు, అదీ చల్లారిపోయింది.

ఆ ఖాళీ షీట్లు నాకిప్పుడు గుర్తొచ్చాయి, నాలుగు. మన ఆఫీసులో అది ఆచారం. ఎవరైనా సెలవు మీద వెళ్తుంటే కింద సంతకం గడి తప్ప ఏమీ లేని షీట్ల మీద సంతకాలు పెట్టించుకునేవాళ్లు. తర్వాత అంకెలు ప్రింటు కొట్టుకోవచ్చని, సంతకం కోసం పని ఆగకూడదని. నేను కుర్చీలో సరిగ్గా కూర్చోలేక పక్కకి ఒరిగి సంతకాలు పెడుతుంటే, మీరు నా బల్ల అంచు మీద కూర్చుని, "ఆస్తి రాసిచ్చేస్తున్నట్టు ఏంటే ఆ మొహం?" అని నవ్వారు. ఇంకొకరు అడిగి ఉంటే రెండుసార్లు ఆలోచించేదాన్ని. అడిగింది మీరు. అందుకే ఆలోచించలేదు.

మీరు అంకె మార్చారన్నది నేను అర్థం చేసుకోగలను. ఆర్డరు పోతుందని ఒత్తిడి వచ్చి ఉంటుంది. గని వాళ్లు ఏదో మాటిచ్చి ఉంటారు. ఇంజనీర్లు అంకెలు మారుస్తారు, కొన్నిసార్లు తప్పు మారుస్తారు. దానికి నేను మీ మీద కేకలు వేసేదాన్ని, నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండేదాన్ని, ఐదో రోజు అన్నం పెట్టేదాన్ని.

కానీ మీరు నా తల నిమిరారు. ఆ చేత్తోనే. నాకు ఆరు వందలు గుర్తుందని నేను ఏడుస్తుంటే, అది నిజమని ఈ భూమ్మీద అందరికన్నా బాగా తెలిసిన మనిషి నా పక్కనే కూర్చుని, కడుపుతో ఉన్నప్పుడు మర్చిపోతారని చెప్పాడు. మాడిన పాలని సాక్ష్యంగా తెచ్చాడు. ఆ రోజు నుంచి నేను ఏ పని చేసినా రెండుసార్లు చూసుకుంటున్నాను. గ్యాస్ కట్టేశానా అని మెట్లు దిగి మళ్లీ ఎక్కుతాను. పరీక్ష పేపర్లు దిద్ది, మార్కులు మూడుసార్లు కూడతాను. గీతిక కూడా, "మమ్మీ, తాళం వేశావ్, నేనే చూశాను, పద" అంటుంది. అది నా స్వభావం అనుకున్నాను. మీరూ అలాగే అనేవారు, మా నీరూకి అన్నీ అనుమానాలే అని, మీ స్నేహితుల ముందు, నవ్వుతూ.

క్లాసులో రెండు సంగతులు చెబుతానన్నాను కదా, రాయి బరువు ఒకటి, పడే ఎత్తు ఒకటి. మీరు అంకె మార్చిన రోజున ఆ రాయి చిన్నదే. మీరు ఓదార్చిన ప్రతిసారీ దాన్ని ఇంకొంచెం పైకెత్తారు. పన్నెండేళ్ల ఎత్తు నుంచి పడింది మొన్న.

ఈ ఉత్తరం సోమవారం గొట్టంలో వస్తుంది. జవాబు రాయండి. ఫోన్ చేయకండి, ఎత్తను.

నీరజ

*

గని గెస్ట్ హౌస్,
మంగళవారం

నీరూ,

రెండు ఉత్తరాలూ చదివాను. మొదటిదానికి జవాబు రాసి చించేశాను. రెండోది చదివాక దాచడానికి ఏమీ మిగల్లేదు.

అవును, నేనే మార్చాను. ఆరు వందలకి లెక్క కడితే లోడింగు దగ్గర స్టీలు బాగా పెరిగింది, వేరే కంపెనీ మనకన్నా తక్కువ రేటు ఇచ్చింది. గని వాళ్లు షూట్ పైన ఇనుప కడ్డీల జల్లెడ పెడతామని, మూడు వందలు దాటిన రాయి కిందికి రాదని రాసిచ్చారు. ఆ కాగితం ఫైలులో ఇప్పటికీ ఉంది. దాన్ని బట్టే అంకె దింపాను. జల్లెడ పెట్టారు కూడా. వానలకి బురద రాళ్లు ఇరుక్కుని పని ఆగిపోతోందని తర్వాత వాళ్లే రెండు కడ్డీలు కోసేశారు. ఆ సందులోంచే పడింది ఆ బండ. నా లెక్క తప్పు కాదని నాకు నేను చెప్పుకున్నాను.

విచారణ రోజున లేచి చెబుదామనే వెళ్లాను, గీతిక మీద ఒట్టు. నాకన్నా ముందు నువ్వు లేచావు. నాదే పొరపాటు అన్నావు. నేను కూర్చుండిపోయాను. ఇద్దరివీ పోయే బదులు ఒక ఉద్యోగమైనా నిలబడుతుందిలే అనుకున్నాను. ఆ సాయంత్రం చెప్పాల్సింది. మర్నాడు చెప్పాల్సింది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం కన్నా ఓదార్చడం తేలికైంది.

కానీ ఒక్క మాట నీరూ. నీకు చెప్పకుండా మార్చలేదు. నీకు కాన్పు ఆపరేషన్ అయిన మూడో రోజు కాకినాడ ఆసుపత్రికి ఫోన్ చేశాను. మీ అమ్మగారు నీ చెవి దగ్గర పెట్టారు. జల్లెడ పెడతామంటున్నారు, మూడు వందలకి దింపుతున్నా అన్నాను. నువ్వు "సరే, మీ ఇష్టం" అన్నావు. నీకు గుర్తుండకపోవచ్చు.

ఈ సంగతి నీకూ నాకూ త్రిమూర్తులు గారికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇక్కడితో ఆపేద్దాం. రెండో లైనుకి నువ్వు ఏ అంకె చెబితే అది వేస్తాను. శనివారం పొద్దున ఇంటికొస్తాను.

జగన్

*

ఉప్పల్,
గురువారం

మీకు,

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం చేరింది. చదివి, కాలేజీకి సెలవు పెట్టి, తిన్నగా పీర్జాదిగూడ వెళ్లాను. కొమురెల్లి కాలు పోయింది. ఎందుకు పోయిందో అతనికి నా నోటితో చెప్పాలి. మీరు ఆపేద్దామన్నారు కాబట్టి ఇంకా త్వరగా వెళ్లాను.

అతను గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, ఇసుక లారీ డ్రైవరుతో, "ఇంకో అడుగు ఎనకకొస్తె ఆ కాలు గూడ ఇచ్చేస్త తీస్కపో" అని అరుస్తున్నాడు. లారీ వెళ్లాక పక్కన ఇటుకల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఖాళీ షీట్లు, మీరు నింపిన అంకె, జల్లెడ, కడ్డీలు, అన్నీ. అతను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. అనుమానాల మనిషిని కదా.

"నాకెరుకే మేడమ్," అన్నాడు.

"ఏం తెలుసు?"

"సార్ అప్పుడే చెప్పిండు. దవాఖానల ఉన్నప్పుడు ఒక్కడే వచ్చిండు. నా మంచం పట్టుకొని మస్తు ఏడ్సిండు. అంకె నేనే మార్చిన కొమురెల్లీ, మేడమ్‌కు చెప్పకు, చంటిపిల్ల తల్లి, తట్టుకోలేదు అన్నడు. గేటు నౌకరీ గూడ సారే ఇప్పిచ్చిండు."

పన్నెండేళ్లు. ప్రతి బతుకమ్మకీ నేను చీర పట్టుకుని వెళ్లి, ఆ మనిషి మొహం చూడలేక నేల చూస్తూ మాట్లాడాను. అతనికి తెలుసు. రాములమ్మకి తెలుసు. త్రిమూర్తులు గారికి తెలుసు. ఈ నాచారం మొత్తంలో తెలియనిది నాకొక్కదానికే.

"మరి నువ్వెందుకు చెప్పలేదు? ఒక్క మాట. ఏ ఏడాదైనా ఒక్క మాట!" అన్నాను. మొదటిసారి అతని మీద కేకలేశాను. రాములమ్మ చేతిలో చీపురుతో బయటికొచ్చింది.

కొమురెల్లి గేటు గొళ్లెం ఆడించాడు. "మొదలు సార్‌కు మాటిచ్చిన గదా అని. ఎనక..." అని గొళ్లెం వదిలేశాడు. "తప్పు మీది కాదని ఎరుకైతె మీరెందుకొస్తరు మేడమ్ మా ఇంటికి? ఆఫీసోళ్లు ఎవ్వరన్న వస్తున్నరా? మీరొక్కరే గద."

రాములమ్మ, "నేను చెప్పుమన్న మేడమ్. ఇగ చెప్త అగ చెప్త అనుకుంటనే ఉన్నడు. మొగోళ్లందరు గంతే, కాలున్నోడైనా లేనోడైనా" అంది. అని, నన్ను లోపలికి లాక్కెళ్లి అన్నం పెట్టింది. తిన్నాను. ఎందుకు తిన్నానో తెలియదు, ఆకలేసింది.

మీరు అతని మంచం పట్టుకుని ఏడవగలిగారు. అంటే మీకు ఏడవడం వచ్చు. నిజం చెప్పడమూ వచ్చు. ఇంట్లో, నా పక్కన, ఒక్కసారీ రాలేదు. పైగా మొన్నటి ఉత్తరంలో కూడా, ఇంకెవరికీ తెలియదు అని రాశారు. అంతా ఒప్పుకుంటున్న ఉత్తరంలోనే.

ఇంటికొచ్చి రెండో లైను ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. గీతిక ట్యూషన్ నుంచి వచ్చి భుజం మీంచి తొంగి చూసింది. "ఇది నాన్న పని కదా?" అంది. "నాది కూడా" అన్నాను. "నువ్వు కన్వేయర్లు కట్టేదానివా? ఎప్పుడూ చెప్పలేదేం?" అంది. దానికి పద్నాలుగేళ్లు. వాళ్లమ్మ ఏం పని చేసేదో దానికి ఎవరం చెప్పలేదు.

లెక్క మొదటి నుంచి కట్టాను. జల్లెడ ఉంటుందని కాదు, వానాకాలంలో దాని కడ్డీలు కోసేస్తారని అనుకుని కట్టాను. ఎందుకంటే కోస్తారు. గని వాళ్లు చెడ్డవాళ్లని కాదు, పని ఆగితే మనుషులు అడ్డొచ్చినదాన్ని కోసేస్తారు. ఆరు వందల రాయి, రెండు మీటర్ల ఎత్తు. ఆ దెబ్బకి తగ్గట్టు రబ్బరు రోలర్లు దగ్గరదగ్గరగా, కింద ఫ్రేము రెట్టింపు బలంగా, మనిషి నిలబడే చోటికి అడ్డుగా ఇనుప పలక. కొత్త గుట్టకి కొత్త కడియం వేయించే దాకా ఈ అంకె దింపొద్దని పైన రాశాను. అన్ని గడులూ నింపాక, ఆఖర్న సంతకం పెట్టి, పక్కన తేదీ వేశాను. మూడుసార్లు కూడలేదు. ఒక్కసారే కూడిక వేశాను.

ఒక కాపీ గని ఇంజనీరుకి, ఒకటి నాచారంలో మీ ఎండీ గారికి పంపాను. దానితోపాటు ఒక పేజీ రాశాను. పాత లైను మూడో రివిజను మీద ఉన్నది నా సంతకమే కానీ అంకె నాది కాదని, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడం మాత్రం నా తప్పేనని. కడియం ఫోటో జతచేశాను. రాములమ్మ డ్రమ్ము పక్కకి జరిపి, తుడిచి, "మంచిగ పడాలె, మా ఇంటి నగ" అని పట్టుకుంది. మీ పేరు రాశాను. అది మీ ఉద్యోగం మీదికి వస్తుంది. మీ పేరు రాసేటప్పుడు చాలాసేపు ఆగాను. రాశాను. ఉత్తరాలు రెండూ పొద్దునే రిజిస్టర్ పోస్టు చేశాను కాబట్టి, ఇది చదివి మీరు ఆపేందుకు ఏమీ లేదు.

ఇవి తేల్చుకున్నవి. తేల్చుకోలేనివి కూడా రాస్తాను, మీలాగ దాచి వదిలెయ్యను.

ఆసుపత్రిలో ఆ ఫోను. నిన్నటి నుంచి దాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. అమ్మ ఉంటే అడిగేదాన్ని. ఫ్యాను చప్పుడు గుర్తుంది. గీతిక ఏడుపు గుర్తుంది, చెవికి ఆనించిన ఫోను వేడిగా ఉండటం గుర్తుంది. ఒకసారి "సరే, మీ ఇష్టం" అని నా గొంతు నాకే వినబడుతుంది. మళ్లీ, అది మీ ఉత్తరం చదివాక వినబడుతోందేమో అనిపిస్తుంది. మీరు చెబితే నాకు గుర్తొచ్చేస్తుంది కదా, ఎప్పుడూ అంతేగా. ఆ మాట నేను అన్నానో లేదో నాకు తెలియదు. ఏ గోడకీ దాని కడియం లేదు. అని ఉంటే, కొమురెల్లి కాలులో సగం నాది. అనకపోతే, ఇది మీ ఆఖరి అబద్ధం. ఏది నిజమైతే నాకు తేలికో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

శనివారం పొద్దున మీరొస్తారు. మీ దగ్గర తాళం చెవి ఉంది. లోపలి గడియ మాత్రం నా చేతిలో ఉంది. తీసి ఉంచుతానో, వేసి ఉంచుతానో ఈ క్షణానికి నాకు నిజంగా తెలియదు.

నీరజ